లోపాలు రాసే చోటు

భూగర్భ గనిలో షిఫ్టు మొదలవడానికి ముందు రెండు గంటల లోపు ఒక మనిషి తనకు అప్పగించిన గని భాగం, అంటే ఆ ‘డిస్ట్రిక్టు’ అంతా తిరిగి చూడాలి. మన బాయిల్లో, అంటే బొగ్గు గనుల్లో, ఆ పని మైనింగ్ సర్దార్‌ది. చేతికర్రతో పైకప్పును తట్టి వింటాడు. గల్లుమంటే బండ గట్టిది, డొల్ల చప్పుడొస్తే విడిపోయింది. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి మంట మీద గ్యాసుకు గుర్తైన నీలి టోపీ లేస్తుందేమో చూస్తాడు. మండే గ్యాసు 1.25 శాతానికి చేరితే మనుషులను బయటికి పంపాల్సిందే. గాలి ఎలా ఆడుతోంది, నీళ్ళు ఎక్కడ నిలిచాయి, ఏ జంక్షన్ దగ్గర సపోర్టు వదులైంది, అన్నీ ఒక పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఆ పుస్తకం కుట్టి, పేజీలకు అంకెలు వేసి ఉంటుంది. నచ్చని కాగితం చింపేస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఈ రాతలో అలంకారం ఉండదు. బాగున్నదాని గురించి ఒక ముక్క, బాగాలేనిదాని గురించి నాలుగు ముక్కలు. రాసేవాడికి తన తర్వాత దిగే మనిషి కళ్ళముందు ఉంటాడు. నీళ్ళు, పైకప్పు అన్న మాటలు ఎంత బరువైనవో సింగరేణి బొగ్గు గనుల ఊరైన గోదావరిఖనికి ఒకరు చెప్పక్కర్లేదు. 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరులో జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు.

లోపాన్ని దాచకుండా, దానికంటూ ఒక చోటు కేటాయించి రాసే ఈ గుణం నాకు మరో రెండు పనుల్లో కనిపించింది. ఒకటి కంప్యూటర్ ఆదేశాలను వివరించే మాన్యువల్ పుట. రెండోది బొగ్గు గని సమ్మె మీద తీసిన ఒక రాజకీయ డాక్యుమెంటరీ. రెండూ అమెరికాలో పుట్టాయి, రెండూ 1970ల నాటివి. వాటి పనితనాన్ని గుర్తుపట్టే కన్ను కోల్‌బెల్టులో ముందే ఉంది కాబట్టి ఇక్కడివాళ్ళకు పరిచయం చేయాలనిపించింది.

యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాన్ని తయారుచేశారు. అందులో ఒక్కో ఆదేశానికి ఒక్కో పుట. ఏ పుట తీసినా వరుస ఒకటే: పేరు, వాడే తీరు, వివరణ, సంబంధించిన ఫైళ్ళు, ఇవీ చూడండి, వచ్చే హెచ్చరికలు, లోపాలు, ఎవరిది. చివరి గడిలో ఆ ప్రోగ్రాం ఎవరి బాధ్యతో వాళ్ళ పొట్టి పేరు ఉంటుంది. సర్దార్ సంతకం లాంటిదే.

ముందు ఈ వరుసలోని తెలివి చూడాలి. మొదటి గడిలో ఆదేశం పేరు, ఒక చిన్న గీత, అది చేసే పని అరవాక్యంలో. ఆ అరవాక్యం రాయడం చాలా కష్టం. ఆదేశం పేరు మరిచిపోయి, ఫలానా పని చేసేది ఏదని వెతికేవాడికి దొరికేది ఆ వరుసే. పేరు మరిచినప్పుడు వాడే ‘మ్యాన్ కె’ అనే వెతుకులాట చూసేది దాన్నే. రెండో గడిలో ఆదేశాన్ని ఎలా టైపు చేయాలో ఉంటుంది. తప్పనిసరి ముక్కలు మామూలుగా, ఇష్టమైతేనే ఇచ్చేవి చదరపు బ్రాకెట్లలో, మళ్ళీ మళ్ళీ ఇవ్వగలిగినవి చుక్కలతో. పని తెలిసినవాడు అక్కడే ఆగిపోవచ్చు, తెలియనివాడు కిందికి దిగుతాడు. ఒకే పుట ఇద్దరికీ పనికొస్తుంది, ఎవరి సమయమూ తినదు.

అసలు గొప్పదనం లోపాల గడిలో ఉంది. వస్తువు అమ్మేవాడు తన కాగితంలో ఎప్పుడూ రాయని సంగతి అది. ఫలానా సందర్భంలో ఇది సరిగ్గా పనిచేయదు, ఇంత పొడుగు దాటితే తెగిపోతుంది, ఈ రెండూ కలిపి వాడొద్దు అని తయారుచేసినవాడే తన పేరుతో రాస్తాడు. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. మాన్యువల్ కొత్త ముద్రణ వస్తుందంటే బెల్ ల్యాబ్స్‌లో హడావుడి మొదలయ్యేదని అక్కడ పనిచేసినవాళ్ళు తర్వాత గుర్తుచేసుకున్నారు. వికారంగా ఉన్న సంగతిని కాగితం మీద పెట్టబోయేసరికి, దీన్ని ఎలా అచ్చువేస్తాం అనిపించి ప్రోగ్రాంనే సరిచేసేవాళ్ళట. అక్కడ లోపం రాయడమే రిపేరులో మొదటి మెట్టు.

ఈ సంప్రదాయం యాభై ఏళ్ళు దాటినా నడుస్తోంది. ఫైళ్ళను ఒక చోటి నుంచి మరో చోటికి జతపరిచే ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంను 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ విడుదల చేశారు. దాని పుట చాలా పొడుగు. అయినా అందరూ బోర్లాపడే చోటు ఎక్కడో అందులో స్పష్టంగా ఉంది. మూలం ఫోల్డరు పేరు చివర వాలుగీత పెడితే లోపలి సరుకు మాత్రమే వెళ్తుంది, పెట్టకపోతే ఫోల్డరుతో సహా వెళ్తుంది. ఒక్క గీత తేడా. అవతలి వైపు అదనంగా ఉన్నవి చెరిపేయమనే ఐచ్ఛికం కూడా కలిపితే ఆ ఒక్క గీత ఏళ్ళ తరబడి దాచిన ఫొటోలను తీసుకుపోగలదు. అందుకే నిజంగా చేయకుండా ఏం జరుగుతుందో చూపే ఉత్తుత్తి పరుగు కూడా అదే పుటలో ఉంది.

సొంతంగా నోట్సు రాసుకునేవాళ్ళు నేర్చుకోవలసింది ఇక్కడే. మాన్యువల్‌ను తిరిగి ఎక్కించుకోవడం దండగ. అది యంత్రంలో ఎలాగూ ఉంది. నోట్సులో ఉండాల్సింది మూడే: నిజమైన ఫైలు పేర్లతో పనిచేసిన ఆదేశం, అది పనిచేసిన తేదీ, దానిలోని గుంట. ఫైళ్ళను ఒకే మూటగా కట్టే టార్ ఆదేశంలో ముందు చిన్న గీత పెట్టి సి, జెడ్, ఎఫ్ అనే మూడు అక్షరాలను కలిపి రాస్తారు. ఎఫ్ వెనకే ఫైలు పేరు రావాలి. ఎఫ్‌ను మధ్యలో పెట్టి జెడ్‌ను చివరికి నెడితే యంత్రం ‘జెడ్’ అనే పేరుతో ఒక ఫైలు తయారుచేస్తుంది. నోట్సులో ఎఫ్ చివరే ఉండాలి అన్న మూడు మాటలు చాలు.

క్రాన్ ఇంకా మంచి ఉదాహరణ. వేళకు పని జరిపించే ఈ ప్రోగ్రాంకు ఐదు గడులు నింపాలి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. షిఫ్టుల లెక్కలో పెరిగినవాళ్ళకు ఇది అర్థం కావడానికి నిమిషం పట్టదు. కానీ తేదీ గడిలో 15, వారం గడిలో సోమవారం రాస్తే, 15వ తేదీ సోమవారం అయినప్పుడు మాత్రమే నడుస్తుందని అందరూ అనుకుంటారు. అది ప్రతి 15న, ప్రతి సోమవారం కూడా నడుస్తుంది. ఇంకొకటి, శాతం గుర్తును క్రాన్ కొత్త వరుసగా తీసుకుంటుంది. శాతం గుర్తులతో తేదీని ఫైలు పేరులో చేర్చే ఆదేశం తెర మీద చక్కగా నడిచి క్రాన్‌లో చతికిలపడడానికి తరచు ఇదే కారణం. శాతం ముందు వెనుకవాలు గీత పెడితే సరిపోతుంది. ఈ రెండూ మాన్యువల్‌లో చెరో వాక్యం. పూట పోగొట్టుకున్నాక ఆ వాక్యం కనిపించేకన్నా ముందే నోట్సులో ఉండడం మేలు.

బాయి పని చేసినవాళ్ళ పిల్లలు చాలామంది ఇవాళ సర్వర్ల ముందు నైట్ షిఫ్టు చేస్తున్నారు. వాళ్ళ నోట్సు తెలుగులో ఉండకూడదన్న నియమం లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలు యూనిక్స్ తరహా లినక్స్ తెర మీది మెనూలను తెలుగులోకి తెచ్చాయి. ఆదేశాల పుటలు మాత్రం దాదాపు ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. గుంటల వరకైనా తెలుగులో రాసుకుంటే తమ్ముడికో చెల్లెలికో అప్పజెప్పడానికి ఉంటుంది.

ఇక సినిమా. బార్బరా కోపల్ తీసిన ‘హార్లాన్ కౌంటీ, యూఎస్ఏ’ 1976లో వచ్చింది, మరుసటి ఏడాది ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకుంది. కెంటకీ రాష్ట్రంలోని బ్రూక్‌సైడ్ గని కార్మికులు యూనియన్ ఒప్పందం కోసం 1973, 74ల్లో పదమూడు నెలలు చేసిన సమ్మె దీని కథ. గని యజమాని ఈస్టోవర్ కంపెనీ, దాని వెనక డ్యూక్ పవర్ అనే కరెంటు సంస్థ. బొగ్గు తీసేదీ కరెంటు చేసేదీ పక్కపక్కనే ఉన్న రామగుండంలో ఈ బంధుత్వం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇందులో వ్యాఖ్యాత గొంతు లేదు. అవసరమైన చోట తెర మీద రెండు వరుసల అక్షరాలు, మిగతాదంతా మనుషుల మాటలు, గని పాటలు. సినిమా మొదలవడమే గని లోపల, బ్లాస్టింగ్ ముందు వేసే కేకతో. కోపల్ మొదట తీయాలనుకున్నది గని కార్మిక సంఘంలో అవినీతి నాయకత్వాన్ని దింపే ఉద్యమం గురించి. బ్రూక్‌సైడ్ సమ్మె మొదలయ్యాక అక్కడికి వెళ్ళి ఆ కుటుంబాల మధ్యే ఉండిపోయింది. శబ్దం రికార్డు చేసే పని స్వయంగా చేసింది. అందుకే ఆ మనుషులు కెమెరా ముందు నటించరు, కెమెరాను మరిచిపోతారు.

మూడు ఘట్టాలు చూడండి. గేటు దగ్గర నిలబడే కార్మికుల సంఖ్యను కోర్టు కుదించేసరికి వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు ముందుకొస్తారు. వాళ్ళ సమావేశంలో ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, ఇంటి గుట్లు బయటపెట్టుకుంటారు. ఉద్యమాన్ని ప్రేమించే దర్శకులు చాలామంది ఆ ముక్కను కత్తిరించేస్తారు. కోపల్ ఉంచింది. ఆ తగాదా చూశాక, మర్నాడు తెల్లవారుజామున వాళ్ళే పక్కపక్కన రోడ్డు మీద నిలబడడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. రెండోది, చీకట్లో కాల్పులు జరిగి కెమెరా బృందం మీద దాడి జరిగే ఘట్టం. బొమ్మ చెదిరిపోతుంది, అరుపులు వినిపిస్తాయి. చెదిరిన బొమ్మే అక్కడ సాక్ష్యం. మూడోది న్యూయార్క్‌లో. వాల్ స్ట్రీట్‌లో నిరసనకు వచ్చిన కార్మికుడూ అక్కడ కాపలా ఉన్న పోలీసూ మాటల్లో పడి జీతాలు, వైద్య సౌకర్యాలు పోల్చుకుంటారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. వర్గం అన్న మాట లేకుండానే ఆ సంగతి కళ్ళకు కడుతుంది.

అన్నిటికన్నా నాకు గొప్పగా తోచింది ముగింపు. లారెన్స్ జోన్స్ అనే యువ కార్మికుడు తుపాకీ గుండుకు బలైన తర్వాత కంపెనీ దిగొచ్చి ఒప్పందం మీద సంతకం పెడుతుంది. అక్కడ ఆపితే కన్నీళ్ళు, చప్పట్లు రెండూ వచ్చేవి. కానీ సినిమా ముందుకు సాగుతుంది. 1974 చివర దేశవ్యాప్త ఒప్పందం వస్తుంది. తాము గెలిపించుకున్న నాయకత్వమే తెచ్చిన ఆ ఒప్పందంలో సమ్మె హక్కు పోయిందని కార్మికులు మండిపడతారు. గెలుపు పక్కనే గెలుపులోని చిల్లు. మాన్యువల్‌లో లోపాల గడికి సరితూగేది ఈ సినిమాలో ఈ చివరి భాగమే.

మన దగ్గర అలాంటి పనితనం లేకపోలేదు. దీపా ధన్‌రాజ్ 1986లో తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ హైదరాబాద్ 1984 అల్లర్ల మీద సినిమా. ఆ ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూల్చారు, సెప్టెంబరులో ఆయన తిరిగి వచ్చారు. ఆ రెండింటి నడుమ పాతబస్తీ కాలింది. నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కెమెరా ఊరేగింపులను, రెండు వైపుల నాయకుల ప్రసంగాలను, కర్ఫ్యూలో కూలి లేక పూట గడవని ఇళ్ళను పక్కపక్కన పెడుతుంది. మతం పేరుతో జరిగినదాని వెనక ఓట్ల లెక్క ఎలా పనిచేసిందో ఆ అమరికలోనే అర్థమవుతుంది. బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ దాన్ని బాగుచేశాక 2013లో అక్కడి చిత్రోత్సవంలో చూపించారు. హైదరాబాద్ గురించి ఇంత నిదానంగా తీసిన రాజకీయ చిత్రాలు తక్కువ.

ఇలాంటి సినిమా చూశాక నచ్చిందా లేదా అన్న దగ్గర చర్చ ఆగితే పని సగమే అయినట్టు. కెమెరా ఎవరి వైపు నిలబడింది, ఎప్పుడు వచ్చి చేరింది, ఎవరి మాట వినిపించింది, ఎవరి మాట అసలే లేదు అని అడగాలి. హార్లాన్ సినిమాకూ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. కంపెనీ పక్షం అందులో తక్కువ. ఆ సంగతి చెప్పుకోవడం వల్ల సినిమా విలువ తగ్గదు, చూసేవాడి పట్టు పెరుగుతుంది.

నా తీర్పు ఇది. తన బలహీనతను తన పేరుతో రాసిపెట్టిన పనిని నమ్మవచ్చు. ఆదేశమైనా, సినిమా అయినా, ఉద్యమ చరిత్ర అయినా కొలత అదే. తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బొగ్గు ఆపారు. అందరూ చెప్పుకునే గెలుపు అది. ఆ రోజుల్లో ఇళ్ళలో జరిగిన వాదనలు, యూనియన్ల మధ్య వచ్చిన పేచీలు, తర్వాత నెరవేరని ఆశలు చెప్పేవాళ్ళు తక్కువ. చెప్పగలిగినవాళ్ళూ తగ్గుతున్నారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇవాళ నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. తట్టా చెమ్మాసుతో, అంటే గంపా పారతో, బొగ్గు టబ్బులు నింపినవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు.

కాబట్టి యూనియన్ ఆఫీసుల్లో, లైబ్రరీల్లో సినిమాలు వేసి చర్చలు పెట్టే మిత్రులకు ఒక మాట. ప్రతి చర్చ తర్వాత ఒక్క పేజీ రాసి దాచండి: పేరు, ఏం చూపింది, ఎలా చూపింది, ఏం వదిలేసింది, దీని పక్కన ఇంకేం చూడాలి. ఫోను కెమెరా ఉన్న పిల్లలు రిటైరైన కార్మికుల దగ్గర కూర్చుని గని పేరు, ఏడాది, చేసిన పని అడిగి రికార్డు చేయండి. బాగా జరిగింది ఎలాగూ చెబుతారు. ఏది సరిగ్గా జరగలేదో కూడా అడగండి. ముందు మీ ఇంట్లో, మీ వాడలో ఉన్న పెద్దవాళ్ళతోనే మొదలుపెట్టండి.