ఒకటికి రెండు

ఉబ్బసం అన్న మాటలోనే ఉబ్బు వినిపిస్తుంది. రోగి గాలి పీల్చుకోలేక రొప్పుతున్నట్టే పైకి కనబడుతుంది గానీ, లోపలి చిక్కు వేరు. శ్వాసనాళాలు వాచి, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, లోపలికెళ్లిన గాలి బయటికి రాలేకపోతుంది. పాతగాలి ఖాళీ చేయని గదిలో కొత్తగాలికి చోటెక్కడిది? ఛాతీ ఉబ్బిపోతుంది. పిల్లికూతలు కూడా ఎక్కువగా వినపడేది ఊపిరి వదిలేటప్పుడే.

ప్రాణాయామం నేర్పేవాళ్లు పూరకానికి ఎన్ని అంకెలు పెడితే రేచకానికి అంతకు రెట్టింపు పెట్టమంటారు. నాలుగు లెక్కపెడుతూ పీల్చు, ఎనిమిది లెక్కపెడుతూ వదులు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఈ విద్యలో దక్కే అసలు సొత్తు ఆ రెట్టింపే అంటాను. 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా దీన్నే పట్టుకుంది. జైపూర్ గుర్తుగా పింక్ సిటీ లంగ్ ఎక్సర్‌సైజర్ అని పేరుపెట్టిన చిన్న పరికరం ఊపిరిని ఒకటికి రెండు పాళ్లలో నడిపిస్తుంది. తేలికపాటి ఉబ్బసం ఉన్న 18 మంది దానితో రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, రెండు వారాలు సాధన చేశారు. ఉత్తుత్తి పరికరం వాడినప్పటితో పోలిస్తే, పరీక్ష కోసం వాళ్ల నాళాల్ని బిగించడానికి హిస్టమిన్ మోతాదు పెంచాల్సి వచ్చింది, అంటే అవి అంత తేలిగ్గా బిగుసుకోలేదు. అధ్యయనం చిన్నదే. రోగం పోయిందని అందులో ఎవరూ అనలేదు.

లెక్క కుదరనివాళ్లకి భ్రామరి ఉంది. నోరు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మంటూ వదలడం. ఆ నాదం సాగినంతసేపూ ఊపిరి తొందరపడదు. పిల్లలకైతే ఆటలా ఉంటుంది.

కానీ హఠయోగ ప్రదీపిక చెప్పిన ఎనిమిది కుంభకాల్లో, అంటే ప్రాణాయామ పద్ధతుల్లో, భ్రామరి పక్కనే భస్త్రిక, శీతలి కూడా ఉన్నాయి. కొలిమితిత్తి ఊదినట్టు విసురుగా పీల్చి వదిలితే నాళాలు చల్లబడి, తడారి, ఉన్న ఉబ్బసం రేగవచ్చు. శీతలిలో గాలి నోటిగుండా వెళుతుంది, ముక్కు ఇచ్చే వెచ్చదనం దానికి దక్కదు. టీవీ చూసి సంక్రాంతి చలిలో డాబా మీద భస్త్రిక మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు భయం. ఇంకొందరు పూజగదిలో సాంబ్రాణి వేసి, ఆ పొగలోనే ప్రాణాయామానికి కూర్చుంటారు! అగరొత్తులు, దోమల చక్రం, దులపని పరుపు, మూసిన వంటింట్లో మిరపకాయల ఘాటు: వీటిని వదిలించుకోకుండా ఊపిరి ఎంత పొడవుగా వదిలినా ఏం లాభం?

ఇక మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) మాటకొస్తే, అలవాటైపోతుందన్న భయంతో మానేసేవాళ్లు మన ఇళ్లలో ఎక్కువ. వాపు తగ్గించే మందు డాక్టరు చెప్పినట్టు తీసుకోవాల్సిందే. సాధన దాని పక్కన కూర్చుంటుంది, దాని చోట్లో కాదు. ఆయాసం ముదిరి ఒక్క వాక్యం కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పలేకపోతుంటే లెక్కలన్నీ ఆపి, వెంటనే ఉపశమనమిచ్చే పంపు పీల్చి ఆసుపత్రికి బయల్దేరాలి.

అన్నట్టు, ఆ పంపు వాడే పద్ధతి చూడండి. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. నొక్కుతూనే నిదానంగా, లోతుగా పీల్చాలి. పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. తర్వాత మెల్లగా వదలాలి. పక్కన నిలబడ్డ యోగా మాస్టారికి ఇందులో కొత్తగా నేర్చుకునేది నొక్కడం ఒక్కటే.