గొలుసుకు ముందరి మౌనం: జెల్డా డప్రానో ఆత్మకథ

1969 అక్టోబరు 21న మెల్‌బోర్న్‌లోని కామన్‌వెల్త్ ప్రభుత్వ భవనం తలుపులకు ఒక స్త్రీ తనను తాను గొలుసుతో కట్టేసుకుంది. పోలీసులు వచ్చి గొలుసు తెంచారు. పది రోజుల తరువాత ఆమె ఆల్వా గైకీ, థెల్మా సొలోమన్ అనే మరో ఇద్దరితో కలిసి ఆర్బిట్రేషన్ కోర్టు తలుపుల దగ్గర అదే పని మళ్ళీ చేసింది. ఆస్ట్రేలియాలో సమాన వేతన పోరాటం అనగానే చాలామందికి గుర్తుకు వచ్చే దృశ్యం ఇదే. ఆమె పేరు జెల్డా డప్రానో (1928–2018). ఆమె ఆత్మకథ ‘జెల్డా: ద బికమింగ్ ఆఫ్ ఎ ఉమన్’ 1977లో వెలువడి, 1995లో పునర్ముద్రణ పొందింది. అయితే ఈ ఒక్క దృశ్యం కోసం పుస్తకం తెరిచే పాఠకునికి అందులోని అసలు సంగతి అందకుండా పోవచ్చు. ఈ కథలో గొలుసు కంటే బరువైనది దానికి ముందరి మౌనం.

జెల్డా పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల బిడ్డ. చిన్నవయసులోనే చదువు మాని ఫ్యాక్టరీ పనుల్లో చేరింది. కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలైంది. లారండెల్ మానసిక వైద్యశాలలో దంతవైద్య సహాయకురాలిగా అనేక సంవత్సరాలు పనిచేస్తూ, అక్కడి ఉద్యోగుల తరఫున యూనియన్ ప్రతినిధిగానూ ఉంది. 1969లో మాంస పరిశ్రమ కార్మికుల యూనియన్ కార్యాలయంలో ఉద్యోగానికి కుదిరింది. ఆ సంవత్సరపు సమాన వేతన వ్యాజ్యానికి ఆ పరిశ్రమలోని స్త్రీల వేతనాలే పరీక్షాంశమయ్యాయి. విచారణ చూడటానికి వెళ్ళిన స్త్రీలు రోజుల తరబడి మౌనంగా కూర్చున్నారు. వారి శ్రమకు విలువ ఉందనీ, లేదనీ వాదించినవారు పురుషులు. తమ విలువను గురించి తాము ఒక్క మాటైనా చెప్పలేకపోవడం ఎంతటి అవమానమో జెల్డా రాసింది. ఆత్మకథ మొత్తానికి కేంద్రబిందువు అదే.

ఆ అవమానం వెనుక అరవై ఏళ్ళ వేతన చరిత్ర ఉంది. 1907లో న్యాయమూర్తి హిగ్గిన్స్ ఇచ్చిన హార్వెస్టర్ తీర్పు, భార్యనూ ముగ్గురు పిల్లలనూ పోషించే పురుషుడిని కొలమానంగా తీసుకొని రోజుకు 7 షిల్లింగుల కనీస వేతనాన్ని నిర్ణయించింది. ఆ కొలమానంలో స్త్రీ పోషింపబడే వ్యక్తే గాని, పోషించే వ్యక్తి కాదు. 1912లో పండ్లతోటల కార్మికుల వ్యాజ్యంలో అదే న్యాయమూర్తి పండ్లు కోసే స్త్రీలకు పురుషులతో సమాన వేతనం ఇమ్మన్నాడు. చౌకగా దొరికే స్త్రీల వల్ల మగవారి ఉపాధి పోకూడదన్నది అక్కడి తర్కం. పండ్లను పెట్టెల్లో సర్దడం ఆడవారి పని కనుక దానికి తక్కువ వేతనం సరిపోయింది. 1919 నాటికి స్త్రీల కనీస వేతనం పురుషుల వేతనంలో సుమారు 54 శాతం. 1950 నాటికి 75 శాతం. అంటే వేతనం పనిని బట్టి కాక, ఆ పని చేసే మనిషిని బట్టి నిర్ణయమైంది.

1969 తీర్పు సమాన పనికి సమాన వేతనమన్నది. కాని ప్రధానంగా స్త్రీలే చేసే పనులను ఆ సూత్రం నుంచి మినహాయించింది. పోల్చి చూడటానికి పక్కన మగవాడు లేని చోట సమానత్వానికి అర్థమే లేకపోయింది. శ్రామిక స్త్రీలలో అత్యధికులకు ఆ విజయం వల్ల ఒరిగినదేమీ లేదు. గొలుసు ఈ తీర్పుకు జవాబు.

ఈ పుస్తకపు బలం దాని నిరాడంబరమైన కథనంలో ఉంది. జెల్డా సిద్ధాంతంతో మొదలుపెట్టి జీవితాన్ని అందులో ఇమడ్చదు. పని, వేతనం, సమావేశం, ఇల్లు అన్నింటినీ ఒకే వరుసలో చెప్పుకుపోతుంది. యజమానితోనూ రాజ్యంతోనూ జరిగిన ఘర్షణతో పాటు, తాను నమ్మిన ఉద్యమంలోని పురుషులతో జరిగిన ఘర్షణనూ దాచకుండా రాయడం అంతకంటే విలువైన సంగతి. కార్మికోద్యమాన్ని తిరస్కరించిన రచన కాదిది. ఆ ఇంటి మనిషి ఆ ఇంటి లెక్క అడిగిన రచన. దీని పరిమితి కూడా ఆత్మకథ కావడంలోనే ఉంది. 1935లోనే స్త్రీల ఉపాధిపై ‘ఆర్ విమెన్ టేకింగ్ మెన్స్ జాబ్స్?’ అనే పుస్తకం రాసి, దశాబ్దాల పాటు సమాన వేతనం కోసం పోరాడిన మ్యూరియల్ హీగ్నీ వంటివారి కృషి తెలియనివారికి, ఉద్యమమంతా 1969లో ఒక్క స్త్రీ తెగువతో మొదలైందన్న భ్రమ కలగవచ్చు.

తెగువ తరువాత సంఘటన వచ్చింది. 1970లో ముగ్గురూ కలిసి స్త్రీల కార్యాచరణ సమితిని స్థాపించారు. వేతనం 75 శాతమే కనుక ట్రామ్ ఛార్జీలోనూ 75 శాతమే చెల్లిస్తామని పట్టుబట్టి ప్రయాణించారు. 1972 డిసెంబరులో కమిషన్ సమాన విలువ గల పనికి సమాన వేతనమన్న సూత్రాన్ని అంగీకరించింది. అయినా ‘విలువ’ అన్న మాట చిక్కు వీడలేదు. వృద్ధుల సంరక్షణ రంగంలో 2023లో అమలుకు వచ్చిన 15 శాతం వేతన పెంపు, ఆ రంగంపై 2024లో ఫెయిర్ వర్క్ కమిషన్ ఇచ్చిన తీర్పు ఆ చిక్కునే విప్పజూశాయి. స్త్రీల పని కావడం వల్లనే ఆ శ్రమకు చాలాకాలం తక్కువ విలువ కట్టారని కమిషన్ గుర్తించింది. భయపడిన రోగిని ఊరడించడం, మాట తప్పిన వృద్ధురాలి బాధను ముఖంలో చదవడం స్త్రీ సహజగుణంగా చెల్లిపోయాయే గాని నైపుణ్యంగా లెక్కకు రాలేదు.

తెలుగు పాఠకునికి ఈ వాదన కొత్తది కాదు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజుల పాటు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మె చేశారు. వారికి ముట్టేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. సమ్మె మధ్యలో ప్రభుత్వం వారి మీద అత్యవసర సేవల చట్టం, ఎస్మా, ప్రయోగించింది. పని ఆపితే అత్యవసరం, పనిచేస్తే గౌరవం. పండ్లు కోసే పనికీ సర్దే పనికీ 1912లో గీసిన గీతకు ఇది దూరపు చుట్టం కాదు.

2023 మే నెలలో మెల్‌బోర్న్ ట్రేడ్స్ హాల్ ముందు జెల్డా విగ్రహాన్ని ఆవిష్కరించారు. 1882 డిసెంబరులో కూలిరేట్ల కోతకు ఎదురుతిరిగిన కుట్టుపని స్త్రీలు తమ యూనియన్ పెట్టుకున్నది ఆ ట్రేడ్స్ హాల్‌లోనే. విగ్రహం ఉద్యమం ఆమెకు చెల్లించిన గౌరవం. కోర్టు బల్లల మీద మాట్లాడే వీలు లేక కూర్చున్న స్త్రీల సంగతి తెలియాలంటే మాత్రం పుస్తకమే చదవాలి.