సెంటీమీటరుకు తొమ్మిది పిక్సెళ్లు

ధర్మవరం పట్టుచీర ఈమధ్య అంగడికంటే ముందు ఫోన్‌లో కనిపిస్తోంది. మగ్గం దిగిన చీర ఫొటో వాట్సాప్ గ్రూపులోకి, అక్కణ్నుంచి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న రీసెల్లర్ స్టేటస్‌లోకి, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్ పేజీలోకి పోతుంది. కొనేవాళ్లు అరచేతిలో జరీని చూసి బేరం మొదలుపెడతారు. బొమ్మ మసగ్గా ఉంటే ఫోన్‌నో యాప్‌నో తిట్టుకుని, స్పష్టత పోకుండా సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని వెతుకుతారు. అలాంటిది లేదు. సైజు తగ్గితే కొంత పోయి తీరుతుంది. ఏది పోవాలో మనం ఎంచుకోకపోతే యాప్ ఎంచుకుంటుంది. దానికి పడుగూ తెలియదు, పేకా తెలియదు.

ముందు లెక్క చూద్దాం. మామూలు ఫోన్ కెమెరా తీసే ఫొటో 4000 పిక్సెళ్ల పొడవు, 3000 వెడల్పు, అంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో బాగా అలవాటైన నిలువు పోస్టు 1080 వెడల్పు, 1350 ఎత్తు, మొత్తం 14.58 లక్షలు. దాదాపు ఎనిమిది పిక్సెళ్లలో ఉన్న సంగతి ఒక్కదాంట్లో ఇరకాలి. చీర వెడల్పు 48 అంగుళాలు, అంటే 120 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ వెడల్పంతా ఫ్రేములో పరిస్తే పోస్టులో సెంటీమీటరు బట్టకు దక్కేవి 9 పిక్సెళ్లు. పట్టు నేతలో సెంటీమీటరుకు పోగులు పదుల్లో ఉంటాయి. ఒక పోగు పక్కపోగు నుంచి విడిగా కనబడాలంటే తక్కువలో తక్కువ రెండు పిక్సెళ్లు కావాలి. హారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో నిలబెట్టిన సూత్రం ఇది. ఏ కంపెనీ యాప్ అయినా దీన్ని దాటలేదు. అంటే 9 పిక్సెళ్లలో నాలుగు పోగులకు మించి పట్టవు. పోనీ అసలు ఫొటోలో అంచు దగ్గర క్రాప్ చేద్దామా అంటే, అక్కడా ఉన్నవి సెంటీమీటరుకు 25 పిక్సెళ్లే. అంచు మీదికి ఫోన్ దించి, పది సెంటీమీటర్ల బట్ట మాత్రమే ఫ్రేము నిండేలా తీస్తే అదే 1080 వెడల్పులో సెంటీమీటరుకు 108 పిక్సెళ్లు వస్తాయి. కాబట్టి చీరకు రెండు ఫొటోలు కావాలి: రంగూ కొంగూ చూపడానికి ఒకటి, నేత చూపడానికి ఒకటి. రెండు పనులూ ఒక్క ఫొటోతో చేయించాలనుకోవడం దగ్గరే అసలు తప్పు మొదలవుతోంది.

దూరం నుంచి తీసిన మొదటి ఫొటోను చిన్నది చేయడానికీ ఒక పద్ధతి ఉంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, స్పష్టంగా ఉండాలంటే ముందు కాస్త మసకబార్చాలి. పిక్సెళ్లలో కొన్నిటిని ఊరికే ఏరిపారేసే నాసిరకం యాప్‌లో సన్నటి జరీ గీతలు అంచు పొడుగునా అలలు అలలుగా తేలతాయి. చీరలో లేని డిజైను బొమ్మలో పుడుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు తీసి, చూపడానికి వీల్లేనంత సన్నటి వివరాన్ని ముందే వదిలేసి తర్వాత తగ్గిస్తుంది. సగటు తీయడంలోనూ ఒక మెలిక ఉంది. నల్ల గీత, తెల్ల గీత ఒకటి విడిచి ఒకటి ఉన్నచోట సగం వెలుగుకు రావలసిన అంకె 188. ఫైల్‌లో నలుపుకు ఉండే 0నీ తెలుపుకు ఉండే 255నీ నేరుగా కూడి సగం చేస్తే 128 వస్తుంది. చాలా యాప్‌లు చేసేది ఈ రెండోదే. ముదురు మెరూన్ మీద సన్నటి జరీ చిన్న బొమ్మలో నీరసంగా కనబడటానికి ఇదొక కారణం. దానికి షార్ప్‌నింగ్ మందు కాదు, ఆ సన్నటి మెరుపు చోట వెలుగు కాస్త పెంచడమే మందు.

ఇంత కష్టపడినా వాట్సాప్ మళ్లీ నలిపేస్తుంది కదా అని అడగవచ్చు. నిజమే, నలుపుతుంది. కానీ ఎన్నిసార్లు నలగాలన్నది చాలావరకు మన చేతుల్లో ఉంది. 2023 ఆగస్టు నుంచి వాట్సాప్‌లో హెచ్‌డీ ఎంపిక ఉంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ చెక్కుచెదరదు. వచ్చిన ఫొటోను అలాగే ఫార్వర్డ్ చేస్తే పెద్దగా నష్టం లేదు. ధర కనబడకుండా స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని స్టేటస్‌లో పెట్టి, ఆ స్టేటస్‌ను ఇంకొకరు మళ్లీ స్క్రీన్‌షాట్ తీస్తేనే అసలు నష్టం. ఫొటోలను కుదించే జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని సన్నటి వివరాన్ని ముందు వదిలేస్తుంది. ప్రతిసారీ గళ్లు కొత్తచోట తెగితే ప్రతిసారీ కొత్తగా కొంత పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ సంగతి తేలిక. 1080 వెడల్పుతోనే ఇస్తే సైజు జోలికి పోదు, మళ్లీ కుదించడం ఒక్కటే చేస్తుంది. కాబట్టి అసలు ఫొటో నుంచి ఒకేసారి 1080కి దించి, షార్ప్‌నింగ్ అన్నిటికన్నా చివర, స్వల్పంగా ఇచ్చి పంపితే సరి.

ఎక్కువమంది పట్టించుకోని నష్టం రంగుది. జేపెగ్ మామూలుగా వెలుగును ప్రతి పిక్సెల్‌కూ రాసుకుంటుంది, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కసారే రాసుకుంటుంది. మనిషి కన్ను వెలుగు తేడాను పట్టినంత చురుగ్గా రంగు తేడాను పట్టదన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు అది. ముఖాల ఫొటోలకు ఇబ్బంది లేదు. ఎర్రంచు ఆకుపచ్చ చీరలో రెండు రంగుల వెలుగూ ఒక్కలాగే ఉందనుకోండి, కలిసేచోట గీత చెదిరిపోతుంది. అక్కడ సాయపడేది పక్కనుంచి పడే ఎండ. పోగు ఒకవైపు మెరిసి ఇంకొకవైపు నీడ వేస్తే ఆ తేడా రంగుది కాదు, వెలుగుది. జేపెగ్ దాన్ని కాపాడుతుంది. అనంతపురం సీమలో వానకు కరువుగానీ ఎండకు కాదు. అయితే నడినెత్తి ఎండలో జరీ తెల్లగా కాలిపోతుంది, గుంటమగ్గం గది చీకట్లోనేమో ఫోన్ మచ్చలు పోగొట్టే పేరుతో పోగుల్నే నునుపు చేసేస్తుంది. పొద్దుటిపూట వాకిలి పక్క వెలుగు ఈ రెండిటికీ మధ్యన ఉంటుంది.

షార్ప్‌నింగ్ అంటేనే మోసం కాదా, లేని స్పష్టతను అతికించడం కాదా అనే వాదన గట్టిది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు దీనికి జవాబిస్తుందని నా అభిప్రాయం. 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు అక్కడ బొమ్మలకు కట్టిన బట్టల చారలూ అంచులూ కింద నిలబడి తలెత్తి చూసేవాడికి ఆనేట్టు గీశారు. ప్రతి ఆకారానికీ ముదురు గీత కట్టారు గానీ పోగులు గీయలేదు. చూసే దూరానికి తగ్గట్టు ఉన్న గీతను బలపరచడం అది. షార్ప్‌నింగ్ చేసేదీ అదే, ఉన్న గీత పక్కన తెల్ల చార లేవనంతవరకు. తెల్ల చార లేచిందంటే హద్దు దాటినట్టే.

మగ్గం మీద కూర్చున్నవాడికి ఇదంతా చేసే తీరిక ఎక్కడిది? లేదు, ఉండాలని అడగడం న్యాయమూ కాదు. ఈ పని మాస్టర్ వీవర్‌ది, అమ్మే అంగడిది. కానీ మసక ఫొటో వల్ల ఎక్కువ నష్టపోయేది నేసినవాడే. 1985 చట్టం కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయించినా మరమగ్గం చీర పోటీకి వస్తూనే ఉంది. సెంటీమీటరుకు 9 పిక్సెళ్ల ఫొటోలో రెండూ ఒకటే. అంచు పక్కన బట్టను బిగబట్టే కర్ర ముళ్ల గుర్తులు, చేతి నేతలోని చిన్నపాటి హెచ్చుతగ్గులు, వెనకవైపు జరీ నడక, ఇవన్నీ రెండో ఫొటోలోనే కనబడతాయి. ధర తేడాను సమర్థించే ఆధారం ఫొటోలో లేకపోతే తక్కువ ధరదే గెలుపు.

చిన్న ఫొటోను ఏఐతో పెద్దది చేసుకోవచ్చు కదా అన్నది కొత్త వాదన. ఆ సాధనాలు పోగుల్ని తిరిగి తేవు, పోగుల్లా కనబడేవాటిని గీస్తాయి. భౌగోళిక గుర్తింపు ఉన్న చేనేత చీర మీద ఎవరూ నేయని నేతను చూపించడం కొనేవాళ్లకు తప్పుడు సమాచారం ఇవ్వడమే. చిన్న ఫొటో ఒక్కటే చేతిలో ఉన్న రీసెల్లర్ దాన్ని ఉన్న సైజులోనే పెట్టి, అంచును దగ్గరగా తీసిన ఫొటో ఇంకొకటి పంపమని అడగాలి. చీర ఇంకా అమ్ముడుపోలేదంటే ఆ ఫొటో తీయడానికి వీలున్నట్టే.