ఒకే సమస్య, రెండు పూరణలు: భువనవిజయ చాటుకథలపై ఒక పరిశీలన

శ్రీకృష్ణదేవరాయల భువనవిజయాన్ని గురించి తెలుగువారు చెప్పుకొనే హాస్యోక్తుల్లో చరిత్ర పరీక్షకు నిలిచేవి స్వల్పం. రాయలు 1529లో మరణించాడు. అష్టదిగ్గజాల్లో ఒకడుగా లెక్కించే రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత పెనుగొండ నుండి పాలించిన తిరుమలదేవరాయలకు. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యానికి కృతిపతి విరూరి వేదాద్రి మంత్రి. వీరందరూ ఒకే కొలువులో ఎదురెదురుగా కూర్చొని ఒకరినొకరు ఎత్తిపొడుచుకొన్నారనడానికి కాలం అడ్డువస్తుంది. అయినా ఆ సభ చెదరలేదు. బల్లాలుని భోజప్రబంధం కాళిదాస భవభూతులను ఒక కొలువులో కూర్చోబెట్టినట్లే ఇక్కడ జనస్మృతి తనకు కావలసిన కవులను ఒకచోట చేర్చుకొన్నది.

వేటూరి ప్రభాకరశాస్త్రి, దీపాల పిచ్చయ్యశాస్త్రి వంటివారి సంకలనాల వల్ల చాటుపద్యాలు అచ్చులో నిలిచాయి. వాటిని విడివిడి ముక్తకాలుగా కాక ఒక వ్యవస్థగా చదవాలని, అది ఒక సాహిత్య సమాజం తన కవులపై చేసుకొన్న విమర్శ అని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ తమ 1998 నాటి ఆంగ్ల గ్రంథంలో ప్రతిపాదించారు. చారిత్రకత లేదన్న ఒక్క కారణంతో ఈ కథలను పక్కకు నెట్టే ధోరణికి అది సరైన సమాధానం. అయితే ఆ సమాజంలో ఎవరికి చోటున్నది, నవ్వు ఎవరి మీద పడింది అన్నవి ఇంకా విడిగా అడగవలసిన ప్రశ్నలే.

విమర్శగా చాటువు ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చూపడానికి అమావాస్య కథ చాలు. పెద్దన ఒక పద్యంలో అమావాస్య రాత్రిని చెప్పవలసివచ్చి ఆ మాటను ఛందస్సు కోసం కుదించి వాడాడట. రామలింగడు లేచి, అలాగే దీర్ఘాలు ఎగరగొట్టి, ద్విత్వాలు తేల్చి, చివరకు పెద్దన పేరును, ఇంటిపేరును సైతం కుదించి, ఏమి తిని ఈ కవిత్వం చెప్పావని కందంలో అడిగాడు. లక్షణగ్రంథం ఇదే దోషాన్ని సూత్రంతో చెబుతుంది. ఇక్కడ దోషాన్ని చూపే పద్యమే ఆ దోషాన్ని ఒళ్ళంతా పూసుకొని వచ్చింది. వినేవాడికి వ్యాకరణ పరిభాష తెలియనక్కరలేదు, చెవి ఉంటే చాలు. తప్పు పట్టుకొన్న ఆనందంలో అతడూ కాసేపు పండితుడే. ఈ కథ ఇన్నాళ్ళు నిలవడానికి ఈ భాగస్వామ్యమే ముఖ్య కారణమని నా అభిప్రాయం. పద్యాన్ని కథ నుండి విడదీసి సంకలనంలో అచ్చువేస్తే మిగిలేది అర్థంకాని అక్షరాల గుంపు.

దోమ గొంతులో ఏనుగుల మంద దూరిందన్న సమస్య కథ వేరు తీరుది. ఇతరుల ప్రేరణతో ద్వారపాలకుడు ఈ సమస్యను రామలింగడికి ఇస్తాడు. కవి దానిని బూతుమాటతో, వాడి పుట్టుకను ఎత్తి పూరిస్తాడు. తరువాత అదే సమస్యను రాయలు ఇచ్చినప్పుడు, జూదంలో ఓడిన పాండవులు విరటుని కొలువులో ఊడిగానికి చేరిన దురవస్థగా పూరిస్తాడు. రెండవ పూరణ నిజంగా గొప్పది: అసంబద్ధమైన సమస్యకు భారతకథలోని దుఃఖం సరిగ్గా అమరింది. కాని కథ నడిచేది మొదటి పూరణ బలం మీదనే. అడిగినవాడి అంతస్తును బట్టి ఒకే పాదం తిట్టుగానూ ఇతిహాసంగానూ మారడమే ఇందులోని చమత్కారం. మన అలంకారికులు దీనికి ఔచిత్యమని పేరు పెట్టవచ్చు. వాకిట నిలబడ్డవాడికి మాత్రం ఈ కథ తిరుగుమాట ఇవ్వలేదు. ఎవరో పంపగా వచ్చి నోరు విప్పాడు. పంపినవారు తప్పించుకొన్నారు, తిట్టు అతడికి దక్కింది. రామలింగడిని పెద్దలను ధిక్కరించిన ప్రజాకవిగా చిత్రించే వ్యాసాలు ఈ మొదటి పూరణను ఎలా సమన్వయిస్తాయో చెప్పవలసి ఉంది. పెద్దనపై విసిరినప్పుడు ఈ హాస్యం కిందనుండి పైకి పోయింది. ఇక్కడ దాని దిశ మారింది. రెంటినీ ఒకే ‘వికటకవి’ ముద్ర కింద కలిపేయడం పరిశోధనకు తగదు.

ఆ ముద్ర చేసిన నష్టం మరొకటి ఉన్నది. చాటుకథలు, వాటి వెనుక 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’ చిత్రం, పిల్లల కథల పుస్తకాలు కలిసి నిలబెట్టిన రామలింగడు పాండురంగమాహాత్మ్య కర్తను దాదాపు కప్పివేశాడు. ఆ కావ్యంలోనూ హాస్యం ఉన్నది, కాని అది తిట్టదు. నిగమశర్మ నగలు మూటగట్టుకొని పారిపోయిన తరువాత, తమ్ముణ్ణి దారికి తేవడానికి పుట్టింటికి వచ్చిన అక్క తన ముక్కర పోయిందని ఏడుస్తుంది. తమ్ముడి మీద ప్రేమ, నగ మీద మమకారం ఒక్క కన్నీటిలో కలిసిన ఆ ఘట్టంలో కవి ఆమెను ఎగతాళి చేయడు, ఆమెకు పేరు కూడా పెట్టడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ‘నిగమశర్మ అక్క’ అన్న శీర్షికతోనే వ్యాసం రాయవలసినంత బరువు ఆ పాత్రకు ఉన్నది. రామలింగడి పేర ఇన్ని కథలు అల్లిన జనస్మృతి ఈ ముక్కర జోలికి మాత్రం పోలేదు.