పండితారాధ్యచరిత్రమున బౌద్ధవాదము

పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమునందలి యైదు ప్రకరణములలో వాదప్రకరణము చరిత్రకారులచే మిక్కిలిగా నుదాహరింపఁబడినది. చందవోలున వెలనాఁటి చోడుని యాస్థానమందు మల్లికార్జున పండితుఁడు బౌద్ధాచార్యు నోడించెననియు, నంతటితో నాంధ్రదేశమున బౌద్ధ మంతరించెననియుఁ దఱచు బోధింపఁబడుచుండును. ఇందు మొదటిది కావ్యోక్తము. రెండవది పాఠకుల యూహ.

మతవాదగ్రంథముల కొక సామాన్యలక్షణము కలదు. పూర్వపక్షమును సిద్ధాంతియే వ్రాయును. రోమక సామ్రాజ్యమున యూదులును, బహుదేవతారాధకులును, క్రైస్తవులును బరస్పరము వాదించిన కాలమునను నిట్లే జరిగెను. రెండవ శతాబ్దిని క్రైస్తవుఁడగు జస్టిన్ రచించిన సంవాదమున యూదుఁడగు ట్రైఫో, గ్రంథకర్త పలికించినంతయే పలుకును. గ్రీకు తత్త్వవేత్త సెల్సస్ క్రైస్తవులపై వ్రాసిన గ్రంథము నశించినది. క్రీ. శ. 248 ప్రాంతమున దానిని ఖండించిన ఆరిజెన్, ప్రతివాది వాక్యములను విరివిగా నుద్ధరించియుండుటచేతనే యది నేఁడు తెలియవచ్చుచున్నది. చందవోలి బౌద్ధాచార్యున కట్టి యదృష్టమును లేదు. అతని మాటలను శైవకవి ద్విపదలోఁ బొదిగిన మేరకే వినవలసియున్నది.

అయినను సోమనాథుఁడు దాఁచని సంగతి యొకటి కలదు. వాదమున నోడిన యాచార్యుని బండితుని శిష్యులు చంపిరనియు, నందులకు రాజు పండితుని కన్నులు తీయించెననియు నతఁడే చెప్పినాఁడు. కన్నులు మరల వచ్చుట కవికి శివమహిమ. విమర్శకునకు రాజదండనమే ముఖ్యము. తర్కమే చాలియున్నచో హత్య యేల? బౌద్ధులు నిరాశ్రయులే యైనచో రాజున కాగ్రహ మేల?

ఈ ప్రశ్నలకు శిల యుత్తరమిచ్చుచున్నది. పూర్వము సత్తెనపల్లి తాలూకాలోఁ జేరియుండిన యమరావతిలో, అమరేశ్వరాలయ స్తంభముపై శా. శ. 1104 (క్రీ. శ. 1182) నాఁటి కోట కేతరాజు శాసనము కలదు. అందు అమరేశ్వరుఁడును, ఆ చెంతనే మహోన్నత చైత్యముతో విలసిల్లు బుద్ధదేవుఁడును గీర్తింపఁబడినారు. బుద్ధునకు గ్రామములును, అఖండదీపములును నొసఁగఁబడినవి. మఱియు సింహళమందలి గడలాదెణియ శాసనము (1344), ధర్మకీర్తి యను స్థవిరుఁడు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని చెప్పుచున్నది.

కావున వాదప్రకరణము బౌద్ధమంతరించె ననుటకు సాక్ష్యము గాదు. అది యింకను సజీవమై శైవులకు బ్రత్యర్థిగా నిలిచియుండె ననుటకే సాక్ష్యము. చచ్చినవానితో నెవ్వరును వాదింపరు. ఈ ఘట్టమును బోధించు పండితులు ద్విపద మాధుర్యముతోఁ బాటు స్తంభశాసనమునుగూడఁ జూపుదురేని సోమనాథుని కీర్తికి లోపము రాదు. ఓడినవానికిని గొంత న్యాయము జరుగును.