లోపలి శల్యుడు

చేయగలిగిన పనిని, చేయగలిగినవాళ్లే చెడగొట్టుకోవడం ఉద్యోగాల్లో తరచూ కనిపిస్తుంది. వారం గడువున్న నివేదికను ఆఖరి రాత్రి మొదలుపెడతారు. పెద్ద ప్రెజెంటేషన్‌కు ముందురోజు అర్ధరాత్రి దాకా సినిమా చూస్తారు. క్షుణ్ణంగా తెలిసిన విషయం మీద మీటింగులో నోరు మెదపరు. ప్రమోషన్ దరఖాస్తు నింపి, పంపకుండా ఉంచుకుంటారు. చూసేవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. చేసేవాళ్లూ అదే అనుకొని తమను తాము తిట్టుకుంటారు. ఆ పేరు దీనికి అతకదు. బద్ధకస్తుడికి పని మీద పట్టింపు ఉండదు. వీళ్లకు పట్టింపు మరీ ఎక్కువై, ఈ ఫలితంతో తమ విలువ తేలిపోతుందన్న భయంగా మారుతుంది.

తెలుగులో ఈ స్థితికి దగ్గరగా వచ్చే మాట శల్యసారథ్యం. భారతంలో మద్రరాజు శల్యుడు కర్ణుడి రథం తోలడానికి ఒప్పుకున్నాడు. కర్ణుడి ఉత్సాహాన్ని మాటలతో నీరుగారుస్తానని అంతకుముందే ధర్మరాజుకు మాట ఇచ్చి ఉన్నాడు. పక్కనే ఉంటూ అధైర్యపరిచే సహచరుల గురించి ఈ మాట వాడతారు. అయితే శల్యుడు చేతకాని సారథి కాడు. రథం తోలడంలో కృష్ణుడికి సాటి వస్తాడనే అతణ్ని ఎంచుకున్నారు. పగ్గాలు పట్టిన చేయీ, పిరికిమందు నూరిపోసే నోరూ ఒక్కడివే. ఉద్యోగి మనసులోనూ ఇంతే. పనిని జాగ్రత్తగా చేయించే బుద్ధే ‘ఇది నీ వల్ల కాదు’ అని కూడా అంటుంది. వివేకంలా వినిపిస్తుంది కాబట్టే ఆ గొంతును గుర్తుపట్టడం కష్టం.

ఈ భయం ఎలా పనిచేస్తుందో అమెరికాలో 1978లో ప్రచురితమైన ఒక ప్రయోగం బయటపెట్టింది. స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులను రెండు రకాలుగా విడదీశారు. కొందరికి జవాబున్న ప్రశ్నలు, మిగతావాళ్లకు చాలావరకు జవాబే లేని ప్రశ్నలు ఇచ్చారు. చివరకు అందరితోనూ ‘చాలా బాగా రాశారు’ అనే చెప్పారు. రెండో పరీక్షకు ముందు రెండు మందుల్లో ఒకదాన్ని ఎంచుకోమన్నారు. ఒకటి బుద్ధికి పదును పెడుతుందని, ఇంకోటి మందగింపజేస్తుందని చెప్పారు. జవాబు లేని ప్రశ్నలకు ఊహించి రాసి మెప్పు పొందినవాళ్లు, ముఖ్యంగా మగ విద్యార్థులు, మందగింపజేసే మందు వైపే మొగ్గారు. వచ్చిన మెప్పును నిలబెట్టుకునే దారి వాళ్లకు తెలియదు. రేపు మార్కులు తగ్గితే నెపం మందు మీదికి పోతుంది. ఈ ప్రవర్తనకు పరిశోధకులు పెట్టిన పేరు సెల్ఫ్ హ్యాండిక్యాపింగ్.

ఆఫీసులో ఆ మందు స్థానంలో నిద్రలేమి ఉంటుంది, ఆఖరి నిమిషం హడావుడి ఉంటుంది, అడిగిన ప్రతివాళ్ల పనీ నెత్తికెత్తుకోవడం ఉంటుంది. చివరిది మంచితనంలా కనబడుతుంది కనుక ఎవరూ పట్టుకోలేరు. పని చెడితే ‘టైం దొరకలేదు’ అనే సాకు సిద్ధం. బాగా వస్తే ‘ఒక్క రాత్రిలో చేశాడు’ అన్న పేరు. రెండువైపులా లాభమే కాబట్టి అలవాటు పాతుకుపోతుంది. నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. పూర్తి శక్తి పెట్టి చేసిన పని ఒక్కటీ లేక, పదేళ్ల సర్వీసు తర్వాత కూడా తన సత్తా ఎంతో ఆ ఉద్యోగికి తెలియదు.

అదే 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంపోస్టర్ భావన గురించి రాశారు. ఉన్నత స్థాయికి చేరిన మహిళల్లో పలువురు తమ విజయం అదృష్టమేనని, ఏదో ఒకరోజు గుట్టు బయటపడుతుందని భయపడడం వాళ్లు గమనించారు. తెలుగు మీడియంలో చదివి, ఇంటిలో మొదటి ఉద్యోగిగా ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసులో అడుగుపెట్టినవాళ్లకు ఈ భయం చెప్పక్కర్లేకుండానే తెలుసు. వ్యాకరణం తప్పుతుందేమోనని మంచి ఆలోచనను మింగేస్తారు. అరగంట తర్వాత అదే ఆలోచన పక్కవాళ్ల నోట వస్తుంది. ఇది ఆ మనిషికే కాదు, సంస్థకూ నష్టం.

బయటపడే మార్గాల్లో అందరూ మొదట పట్టుకునేది తిట్టుకోవడం. అది పనికిరాదు. 2010లో కెనడా పరిశోధకులు మొదటి సంవత్సరం విద్యార్థులను గమనించారు. తొలి పరీక్షకు చదువును వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు, తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. వాయిదా చాలావరకు చేదు భావం నుంచి తప్పించుకోవడమే. తిట్టు ఆ చేదును పెంచుతుంది, పని ఇంకా దూరమవుతుంది.

అన్నిటికన్నా ఉపయోగపడేది చిత్తుప్రతిని ముందే చూపడం. పది పేజీల నివేదికలో రెండు పేజీలు, తప్పులతో సహా, గడువుకు నాలుగు రోజుల ముందే నమ్మకమైన సహోద్యోగి చేతిలో పెట్టాలి. మొదటిసారి చేయి వణుకుతుంది. కానీ తీర్పు ఒక్కసారిగా మీద పడకుండా చిన్న చిన్న దిద్దుబాట్లుగా వస్తుంది, సాకు దాచుకోవడానికి చోటు మిగలదు. ఆత్మవిశ్వాసం మీద 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా రాసింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అన్ని ఆధారాల్లోకీ బలమైనది స్వయంగా పని చేసి నెగ్గిన అనుభవమని ఆయన తేల్చాడు. పొగడ్త దాని తర్వాతే.

జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ సూచన కూడా ఇలాంటి సులువైనదే. ‘రేపటి నుంచి త్వరగా మొదలుపెట్టాలి’ అన్న తీర్మానం కన్నా ‘సీట్లో కూర్చోగానే, మెయిల్ తెరవకముందే, మొదటి పట్టిక నింపాలి’ అన్నది బాగా నిలుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేలిపోతే లోపలి శల్యుడితో వాదించాల్సిన పని తగ్గుతుంది.

పై అధికారుల బాధ్యత తక్కువది కాదు. తప్పు ఒప్పుకున్నవాణ్ని నలుగురిలో నిలబెట్టి కడిగేసే చోట, సాకు వెతుక్కోవడం తెలివైన పనే అవుతుంది. అలాంటి చోట ఉద్యోగిని మారమనడం అన్యాయం.

ప్రతి జాప్యాన్నీ ఈ ఖాతాలో వేయకూడదు. ఇద్దరు చేయాల్సిన పని ఒకరి మీద పడితే లోపం మనసులో లేదు, పనిని పంచిన తీరులో ఉంది. నిద్ర, ఆకలి, ఇష్టమైన పనుల మీద ఆసక్తి కూడా వారాల తరబడి పోతే అది అలవాటు కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు చిట్కాలతో కాలం గడపకుండా వైద్యుణ్ని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.