ఎవరి కత్తెర, ఎవరి హేతువు?

పశ్చిమ చరిత్రలో మతమంటే చీకటి, నాస్తికత్వమంటే వెలుగు అని మన హేతువాద మిత్రులు రాస్తుంటారు. ఆ కొలతతోనే మా వాడల్లో చర్చికెళ్లే అమ్మల్ని మూఢులని తేల్చేస్తారు. యూనివర్సిటీకొచ్చిన కొత్తలో మేమూ అట్లాగే తేల్చాం. బానిసల వైపు నుంచి చదివితే ఈ లెక్క కుదరదు.

1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక బైబిలు అచ్చేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ కథ అందులో లేదు. క్రీస్తులో దాసుడూ స్వతంత్రుడూ అనే తేడా లేదన్న గలతీ పత్రిక మాటా లేదు. దాసులు యజమానులకు లోబడాలన్నది మాత్రం భద్రంగా ఉంది. కత్తెర పట్టినోళ్లకు ఆ గ్రంథంలో ఏ మాట ప్రమాదమో బాగానే తెలుసు!

మరి మతాన్ని శంకించినోళ్లో? డేవిడ్ హ్యూమ్ అద్భుతాలకు గట్టి సాక్ష్యం కావాలన్నాడు. అదే హ్యూమ్ 1753లో తన వ్యాసానికో ఫుట్‌నోటు చేర్చి, నల్లవాళ్లు సహజంగానే తక్కువవాళ్లని అనుమానం వెలిబుచ్చాడు. ఇక్కడ అంత గట్టి సాక్ష్యం అక్కర్లేకపోయింది. 1770లో ఆ మాటను ఖండించిన జేమ్స్ బీటీ క్రైస్తవుడు.

1873లో ఫూలే ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వ నిర్మూలనకు పాటుపడ్డవాళ్లకు అంకితమిచ్చాడు. అట్లా పాటుపడ్డవాళ్లలో గారిసన్ లాంటి భక్తులున్నారు, ఎర్నెస్టీన్ రోజ్ లాంటి నాస్తికులూ ఉన్నారు. ఫూలే వాళ్లను ఏరి వేరు చేయలేదు.